కుక్క ట్రిక్ నేర్చుకోవట్లేదా? ముందు కారణం వెతకండి

"ముసలిదైపోయింది, ఇంకేం నేర్చుకుంటుంది", "పాపం, దానికి చెవులు వినపడవు" అంటూ చాలామంది కుక్కకు ట్రిక్కులు నేర్పడమే మానేస్తారు. నాకు బాధ కలిగించే మాటలివి. ట్రిక్ అంటే వచ్చినవాళ్లకు చూపించే వేడుక ఒక్కటే కాదు. పరుగెత్తలేని కుక్కకు అది బుర్రకు పని, బెదురు కుక్కకు ధైర్యం. నేర్చుకోవట్లేదంటే ఎక్కడో ఏదో అడ్డుపడుతోంది.

సిట్ అంటే కూర్చోదు, కూర్చున్నా వెంటనే లేచిపోతుంది

మొండితనం అనుకునే ముందు నొప్పి ఉందేమో చూడండి. తుంటి, మోకాలు, వెన్ను నొప్పి ఉన్న కుక్కకు కూర్చుని లేవడమే కష్టం. మొన్నటిదాకా చక్కగా కూర్చున్నది ఇప్పుడు ఒక పక్కకు ఒరిగి కూర్చుంటున్నా, అసలు కూర్చోకపోయినా ట్రైనింగ్ ఆపి వెటర్నరీ డాక్టర్‌కు చూపించాలి. ఒక్కోసారి కారణం చిన్నదే. నున్నటి నేల మీద వెనక కాళ్లు జారుతుంటాయి. రబ్బరు మ్యాట్ వేస్తే సరిపోతుంది.

ఒంటికి భారం కాని ట్రిక్కులు బోలెడున్నాయి. వాటిలో నాకు బాగా ఇష్టమైనది గడ్డం ఆనించడం. అరచేయి చాపి, కుక్క తనంతట తాను గడ్డం ఆనించిన క్షణంలోనే ట్రీట్ (మెచ్చుకోలుగా ఇచ్చే చిన్న తినుబండారం) ఇవ్వండి. తర్వాత రెండు సెకన్లు, ఐదు సెకన్లు, అలా మెల్లగా పెంచండి. తల తీసేస్తే తియ్యనివ్వండి, పట్టుకోవద్దు. ఇది బాగా వచ్చిన కుక్కకు కంట్లో చుక్కలు వేయడం, చెవి చూడడం చాలా తేలికవుతుంది.

ముందు కాలు ఒకటి లేని కుక్కను షేక్‌హ్యాండ్ అడగొద్దు, ఉన్న ఆ ఒక్క కాలే ముందు బరువంతా మోస్తోంది. డాక్స్‌హుండ్ లాంటి పొడుగు వెన్ను కుక్కను వెనక కాళ్ల మీద నిలబెట్టొద్దు. ఎదిగే కుక్కపిల్లలకు ఎత్తు నుంచి దూకే ట్రిక్కులు వద్దు.

పిలిస్తే తిరిగి చూడదు

వినికిడి లోపం కావచ్చు. డాల్మేషియన్ జాతి కుక్కల్లో పుట్టుచెవుడు ఎక్కువే, వయసుతో వచ్చేదీ ఉంది. అలాంటి కుక్కకు చేతి సైగలు నేర్పండి. మీ వైపు చూసిన ప్రతిసారీ ట్రీట్ ఇవ్వడంతో మొదలుపెట్టండి, ఎందుకంటే చూడకపోతే సైగ అందదు. "భేష్" అనే మాటకు బదులు బొటనవేలు పైకెత్తండి, వెంటనే ట్రీట్. సైగ ఎప్పుడూ ఒకేలా ఉండాలి, ఇంట్లో అందరూ అదే వాడాలి.

చూపు లేని కుక్కకు మాట, స్పర్శ, వాసన ఉన్నాయి. మెట్టు దగ్గర ప్రతిసారీ "మెట్టు" అనండి, కొద్దిరోజుల్లో అడుగు జాగ్రత్తగా వేస్తుంది. బోర్లించిన మూడు కప్పుల్లో ట్రీట్ ఎక్కడుందో ముక్కుతో కనిపెట్టే ఆటలో అది ఏ కుక్కకూ తీసిపోదు.

కాసేపు బాగా చేసి ఆవలిస్తుంది, పెదాలు నాకుతుంది, వెళ్లిపోతుంది

అది టెన్షన్. మీరు ఎక్కువసేపు లాగారు, లేదా పెద్ద మెట్టు ఒకేసారి ఎక్కమన్నారు. రెండు మూడు నిమిషాలు చాలు. తేలికైనది ఒకటి చేయించి ఆపండి. ట్రీట్లు గోరంత ముక్కలుగా ఉండాలి, రోజు తిండిలో పదో వంతు దాటకూడదు.

బెదిరిపోయి దగ్గరకే రాదు

ఇక్కడ తొందరపడితే ఉన్న నమ్మకం కూడా పోతుంది. నేల మీద ఒక అట్టపెట్టె పెట్టి దూరంగా కూర్చోండి. దాని వైపు చూసిందా, ఒక ట్రీట్ విసరండి. ఒక అడుగు వేసిందా, ఇంకొకటి. ముక్కు తాకించినా, కాలు పెట్టినా అంతే. తప్పు చేసే వీలే లేని ఆట ఇది. మొదటి రోజు చూపు దగ్గరే ఆగినా ఫర్వాలేదు.

ఇంట్లో చేస్తుంది, బయట చేయదు

కుక్క మరిచిపోలేదు. కొత్త వాసనలు, చప్పుళ్ల మధ్య దానికి అది కొత్త పాఠమే. బయట మళ్లీ మొదటి మెట్టు నుంచి నేర్పండి, రెండోసారి చాలా త్వరగా వస్తుంది.