అంగారకుడి ఫొటోలో పాత చెరువును గుర్తుపట్టడం ఎలా

మాది బేతంచెర్ల. నాపరాయిని ఉలితో కొడితే పలకలుగా లేవడం చిన్నప్పటి నుంచీ చూశాను. అందుకే రాయి కనిపిస్తే నా కన్ను ముందు దాని అంచుకే పోతుంది. అంగారకుడి మీద తిరిగే నాసా యంత్రబండి క్యూరియాసిటీ రోవర్ పంపే ఫొటోలు నాసా సైటులో ఎవరైనా చూడొచ్చు. మీరూ ముందు రాయి విరిగిన అంచే చూడండి.

రేణువు ఎంత ఉందో గమనించండి. 2012లో గేల్ బిలంలో, అంటే అంగారకుడి మీది ఓ పెద్ద గుంటలో, దిగిన కొద్ది వారాలకే రోవర్‌కు హొట్టా అనే రాయి కనిపించింది. దాని నిండా నున్నగా అరిగిన గులకరాళ్ళు. అంత పెద్ద రాళ్ళను గాలి మోయలేదు, నీళ్ళే దొర్లించాలి. కానీ అది వాగు, చెరువు కాదు. చెరువంటే సన్నటి ఒండ్రు. నీళ్ళు నిలిస్తేనే అది అడుక్కి దిగుతుంది. అదే బిలంలోని పహ్రంప్ హిల్స్ అనే చోటి ఫొటోను పెద్దది చేసి చూడండి: మిల్లీమీటర్ల మందాన పొర మీద పొర. నాకైతే ఎన్నిసార్లు చూసినా ఒళ్ళు పులకరిస్తుంది.

తర్వాత అలల గుర్తులు. మడత ఒకవైపు వాలుగా, ఇంకోవైపు నిటారుగా ఉంటే గాలో నీరో ఒకే దిక్కుకు సాగినట్టు. రెండు వైపులా సమానంగా ఉంటే నీళ్ళు ముందుకూ వెనక్కూ ఊగినట్టు. గేల్‌లో అలాంటివి దొరికాయి: ఎత్తు 6 మిల్లీమీటర్లు, మధ్య దూరం 4, 5 సెంటీమీటర్లు. వాటినిబట్టి నీళ్ళ లోతు 2 మీటర్ల లోపేనని, పైన మంచు కప్పు లేదని లెక్కగట్టారు.

ఎండిన చెరువు నెర్రెలు ఓల్డ్ సోకర్ అనే బండ మీద ఉన్నాయి. గుంటల కోసం వెతక్కండి. నెర్రెల్లో నిండిన మట్టి గట్టిపడి, చుట్టూ ఉన్నది అరిగిపోయి, ఇప్పుడవి గట్లలా పైకి లేచి ఉంటాయి.

కొత్తవాళ్ళు పొరబడేది తెల్లటి చారల దగ్గర. అవి కాల్షియం సల్ఫేట్. బురద రాయయ్యాక, పగుళ్ళలో పారిన భూగర్భజలం వదిలినవి. వాటిని చూపించి చెరువని చెప్పకండి.

ఎర్ర రంగును అసలు నమ్మొద్దు. 2013 ఫిబ్రవరిలో జాన్ క్లైన్ అనే బండకు రోవర్ 6.4 సెంటీమీటర్ల లోతు రంధ్రం వేసింది. పైన తుప్పు రంగు ధూళి, లోపలి నుంచి వచ్చిన పొడి బూడిద రంగు. అందులో సుమారు 20 శాతం, నీళ్ళు తగిలితే ఏర్పడే బంకమట్టి ఖనిజాలే.