టర్బో మార్చినా పికప్ రాకపోతే: ఎగ్జాస్ట్ గ్యాస్కెట్లు, పైపుల సమస్యలు - పరిష్కారాలు

లారీకి పికప్ తగ్గి నల్లపొగ పెరిగిందంటే మొదటి నింద టర్బో (ఎగ్జాస్ట్ వాయువుల బలంతో తిరుగుతూ ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపే పరికరం) మీదే పడుతుంది. కొత్త టర్బో బిగించిన తరువాత కూడా అదే పొగ కనిపించి, బండి అదే బరువుగా లాగుతుంటే, టర్బోకు ముందూ వెనుకా ఉన్న జాయింట్లను చూడవలసిందే. అసలు టర్బో విప్పిన రోజే వీటిని సరిచేయడం మేలు, ఎందుకంటే ఆ తరువాత ఒక్క ప్యాకింగ్ (జాయింటు మధ్య లీకు ఆపే గ్యాస్కెట్) కోసం సగం పని మళ్లీ చేయవలసి వస్తుంది. మన దగ్గర టాటా లారీల్లో విరివిగా వచ్చిన 5.9 లీటర్ల ఆరు సిలిండర్ల కమిన్స్ ఇంజన్‌ను దృష్టిలో ఉంచుకుని ఇది రాస్తున్నాను. మిగతా ఇంజన్లకు కూడా పద్ధతి ఇదే, కానీ బిగింపు కొలతలు ఆయా మాన్యువల్‌ను బట్టి తీసుకోవాలి.

చల్లగా ఉన్నప్పుడు టిక్ టిక్ శబ్దం, వేడెక్కాక తగ్గడం

తెల్లవారి మొదటి స్టార్టులో హెడ్డు (సిలిండర్లను పైన మూసే భాగం) పక్క నుంచి టిక్ టిక్ మని వినిపించి, ఇంజన్ వేడెక్కిన కొద్దీ ఆ శబ్దం సన్నగిల్లితే, అది చాలాసార్లు మానిఫోల్డ్‌కూ (అన్ని సిలిండర్ల పొగను చేర్చి టర్బోకు పంపే పోత ఇనుప గొట్టం) హెడ్డుకూ మధ్య ఉన్న గ్యాస్కెట్ లీకే అయి ఉంటుంది. పోత ఇనుము వేడికి వ్యాకోచించి ఆ సందును తాత్కాలికంగా మూసివేస్తుంది కనుక డ్రైవర్ దానిని పట్టించుకోడు. టార్చి వేసి చూస్తే, లీకు ఉన్న పోర్టు (వాయువు బయటికి వచ్చే రంధ్రం) చుట్టూ విసనకర్రలా విచ్చుకున్న నల్లని మసి మరక కనిపిస్తుంది.

కారణం ఎక్కువగా చివరి సిలిండర్ల దగ్గరే దొరుకుతుంది. పొడవైన మానిఫోల్డ్ ఏళ్ల తరబడి ఎర్రగా కాగి చల్లారుతూ క్రమంగా కుంచించుకుపోతుంది. ఆ లాగుడంతా రెండు కొనల బోల్టుల మీద పడి, అవి హెడ్డులోనే విరిగిపోతాయి. విరిగిన బోల్టును అలాగే వదిలి కొత్త గ్యాస్కెట్ వేయడం డబ్బు వృథా. తుప్పు విడిపించే నూనెను ముందు రాత్రే పట్టించి, మర్నాడు ఆ ముక్క మీద నట్టును వెల్డింగ్ చేసి, ఆ వేడి తగ్గకముందే నిదానంగా తిప్పితే చాలావరకు బయటికి వస్తుంది. రానప్పుడు సరిగ్గా నడిమధ్యలో పంచ్ కొట్టి డ్రిల్ చేయాలి. పక్కకు జారిన డ్రిల్ హెడ్డు మరలను తినేస్తుంది కాబట్టి ఇక్కడ తొందర పనికిరాదు.

తీసిన మానిఫోల్డ్ మీద స్ట్రెయిట్ ఎడ్జ్ (తిన్నని ఉక్కు పట్టీ) నిలిపి, ఫీలర్ గేజ్‌తో (సందులను కొలిచే పలుచని రేకులు) హెడ్డుకు ఆనే ఆరు ముఖాల వంపునూ కొలవాలి. వంపు మాన్యువల్ పరిమితి దాటితే ఫేసింగ్ (ముఖాన్ని మిషన్ మీద చదును చేయడం) చేయించాలి, పగుళ్లు ఉంటే మార్చాలి. పాత ప్యాకింగ్ గీకేటప్పుడు దానిని తడిపి గీకడం మంచిది, ఎందుకంటే పాత బళ్లలోని ప్యాకింగుల్లో ఆస్బెస్టాస్ ఉండవచ్చు, పొడి దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం. బోల్టులన్నీ ముందు చేత్తో ఎక్కించి, నడుమ నుంచి కొనల వైపు రెండు మూడు విడతలుగా 43 న్యూటన్ మీటర్లకు టార్క్ రెంచ్‌తోనే బిగించాలి.

కొత్త టర్బో, పాత నల్లపొగ

టర్బోలోని టర్బైన్ చక్రాన్ని తిప్పేది మానిఫోల్డ్ నుంచి వచ్చే వేడి వాయువుల ఒత్తిడి. అది టర్బోకు చేరకముందే బయటికి పోతే బూస్ట్ (టర్బో ఇంజన్‌లోకి నెట్టే గాలి ఒత్తిడి) పడిపోతుంది, గాలి చాలక డీజిల్ పూర్తిగా మండదు, ఘాట్ ఎక్కేటప్పుడు పొగ నల్లగా వస్తుంది. అయితే ఇంటర్‌కూలర్ (టర్బో పంపే గాలిని చల్లబరిచే భాగం) హోసు చిరిగినా ఇవే లక్షణాలు కనిపిస్తాయి. గుర్తులను బట్టి తేడా తెలుసుకోవచ్చు: ఎగ్జాస్ట్ లీకు దగ్గర పొడి మసి ఉంటుంది, హోసు లీకు దగ్గర నూనె తడి పట్టి దుమ్ము అంటుకుని ఉంటుంది.

టర్బో కూర్చునే ఫ్లాంజికి (బోల్టులతో బిగించే చదునైన అంచు) రెండు రంధ్రాలు ఉన్నప్పుడు, గ్యాస్కెట్‌కు కూడా మధ్య గోడ ఉన్నదే తీసుకోవాలి. ముందు మూడు సిలిండర్ల వాయువు, వెనుక మూడింటి వాయువు విడివిడిగా టర్బైన్‌కు చేరడానికే ఆ గోడ ఉంది. అది కాలిపోయినా, మానిఫోల్డ్‌లోని నడిమి గోడ పగిలినా బయట మసి కనిపించదు, కానీ తక్కువ ఆర్‌పీఎంలో టర్బో ఆలస్యంగా అందుకుంటుంది. అందువల్ల టర్బో దించగానే ఆ గోడను టార్చి వేసి చూడాలి. ఒకసారి వేడికి నలిగిన గ్యాస్కెట్‌ను, చూడటానికి ఎంత బాగున్నా, తిరిగి వాడకూడదు.

క్యాబిన్‌లో పొగ వాసన

ఇది టర్బో తరువాతి పైపు, క్లాంపు లేదా ముడతల ఫ్లెక్సిబుల్ పైపు లోపం. ఏసీ కోసం ఇంజన్ ఆన్‌లో ఉంచి క్యాబిన్‌లో నిద్రపోయే డ్రైవర్లకు ఇది ప్రాణాపాయం, ఎందుకంటే ఎగ్జాస్ట్‌లోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. సరిచేసేదాకా ఆ బండిలో అలా పడుకోకూడదు.

ఫ్లెక్సిబుల్ పైపు పదేపదే చిరిగిపోతుంటే, కొత్త పైపు కొనేముందు ఇంజన్ మౌంటింగ్ రబ్బర్లనూ సైలెన్సర్ బ్రాకెట్లనూ చూడాలి. ఇంజన్ ఊగుడంతా ఆ పైపు మీద పడటమే అసలు కారణం కావచ్చు. బిగించేటప్పుడు జాయింట్లన్నీ వదులుగా కలిపి, టర్బో వైపు క్లాంపును ముందు బిగించి, బ్రాకెట్లను చివరగా బిగించాలి. ఫ్లాంజులు కలవడానికి రాడ్డుతో ఎత్తవలసి వస్తే ఆ పైపు సరైనది కాదు. దాని లాగుడుకు టర్బో హౌసింగ్ పగులుతుంది.

కొత్త టర్బో కొద్ది రోజులకే పాడవడం

నిమిషానికి లక్ష సార్లకు పైగా తిరిగే టర్బైన్‌కు చిన్న రేకు ముక్క తగిలినా రెక్కలు వంగిపోతాయి. విరిగిన గ్యాస్కెట్ ముక్కలు, వెల్డింగ్ గుళికలు మానిఫోల్డ్‌లో మిగలకుండా గాలి కొట్టి, లోపల వేలు పెట్టి తడిమి చూడాలి. ఆయిల్ రిటర్న్ గ్యాస్కెట్‌కు సిలికాన్ పేస్టు పూస్తే, అది లోపలికి పొంగి ఆయిల్ దారిని అడ్డుతుంది. అప్పుడు సీలు దాటి ఆయిల్ టర్బైన్ వైపు వచ్చి నీలిపొగ మొదలవుతుంది, నింద మళ్లీ టర్బో మీద పడుతుంది. అక్కడ కంపెనీ గ్యాస్కెట్ ఒక్కటే చాలు.

బీఎస్-6 బళ్లలో యాడ్‌బ్లూ (పొగలోని హానికర వాయువులను తగ్గించే యూరియా ద్రవం) ఇంజెక్టర్ తరువాతి జాయింటు లీకైతే మసికి బదులు ఉప్పు పేరుకున్నట్టు తెల్లని పొడి కనిపిస్తుంది. అక్కడ క్లాంపునూ గ్యాస్కెట్‌నూ మార్చాలి తప్ప మామూలు పైపు ముక్క అతికించకూడదు.

అంతా బిగించాక టర్బో ఆయిల్ ఇన్లెట్‌లో శుభ్రమైన ఆయిల్ పోసి, స్టార్ట్ చేసి, కొన్ని నిమిషాలు ఐడిల్‌లోనే ఉంచాలి. లోడుతో ఒకసారి తిప్పి తెచ్చి, ఇంజన్ పూర్తిగా చల్లారాక మానిఫోల్డ్ బోల్టుల బిగింపును మరోసారి సరిచూడాలి. ఆ తరువాత శుభ్రంగా తుడిచిన జాయింట్ల మీద కొత్తగా మసి గీత ఏర్పడితే, బండి పంపేముందే ఆ జాయింటును విప్పి చూడాలి.