వార్‌క్రాఫ్ట్ క్లాసిక్‌లోకి కొత్తగా వస్తున్నారా? ముందు శత్రువుల్ని ఒక్కొక్కడినే మీ వైపు లాగడం నేర్చుకోండి

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ గేమ్ 2004లో వచ్చింది, దాని పాత రూపాన్నే 2019 ఆగస్టులో క్లాసిక్ పేరుతో మళ్లీ తెచ్చారు. ఇప్పటి గేములకు అలవాటుపడి ఇందులోకి వచ్చినవాళ్లు మొదటి గంటలోనే నాలుగుసార్లు చచ్చి, ఇది మన వల్ల కాదని వదిలేస్తుంటారు. నా ఫ్రెండ్స్ ఇద్దరు అలాగే వదిలేశారు, ఆ బాధతోనే ఇది రాస్తున్నా. ఇక్కడ మీ లెవెల్ శత్రువు ఒక్కడొస్తే గెలుస్తారు, ఇద్దరొస్తే చెమటలు పడతాయి, ముగ్గురొస్తే పరుగే. క్లాస్ (మీ క్యారెక్టర్ ఎలా పోరాడాలో చెప్పే రకం) ఎంచుకునేటప్పుడైనా, ఫైట్‌లోనైనా ఈ లెక్క మర్చిపోకండి.

క్లాసులు మొత్తం 9. ఆటలో అలయన్స్, హోర్డ్ అని రెండు పక్షాలుంటాయి, వాటిలో పాలడిన్ క్లాస్ అలయన్స్‌కే, షామన్ హోర్డ్‌కే. రోజూ పని అయ్యాక గంటో గంటన్నరో ఒంటరిగా ఆడేవాళ్లైతే కళ్లు మూసుకుని హంటర్ తీసుకోండి. లెవెల్ 10లో పెట్ (మీ తరఫున పోరాడే జంతువు) వస్తుంది, అప్పటిదాకా కాస్త ఓపిక పట్టాలి. పెట్‌ని ముందు పంపి, అది రెండు మూడు దెబ్బలు వేశాకే బాణం వదలండి. తొందరపడితే శత్రువు పెట్‌ని వదిలేసి మీ మీదకొస్తాడు, మరీ దగ్గరికొచ్చాక విల్లు పనిచేయదు. పెట్‌కి తిండి పెట్టడం మాత్రం మర్చిపోవద్దు, ఆకలితో ఉంటే దాని దెబ్బలో పస తగ్గుతుంది. వార్‌లాక్ కూడా ఇలాంటి దారే. వారియర్ మాత్రం ఒంటరిగా చాలా కష్టం, కానీ తోడుగా హీల్ చేసే ఫ్రెండ్ ఒకరుంటే అంత మజా ఇంకే క్లాస్‌లోనూ లేదని నా అభిప్రాయం. మన దగ్గర నుంచి ఆడితే పింగ్ (సర్వర్‌కి వెళ్లి రావడానికి పట్టే ఆలస్యం) ఎక్కువ కాబట్టి, శత్రువు వీపు వెనకే ఉండి పొడవాల్సిన రోగ్ మొదటి క్యారెక్టర్‌గా వద్దు.

ఇక ఫైట్. ఎల్విన్ ఫారెస్ట్‌లో ఫార్గోడీప్ గని ముందు ఇద్దరు కోబోల్డ్‌లు (ఎలుక ముఖం ఉన్న పొట్టి జీవులు) పక్కపక్కనే నిలబడి ఉన్నారనుకోండి, మీరు లెవెల్ 8 మేజ్ (మంత్రాలతో పోరాడే క్లాస్). ఒకడి మీద పాలిమార్ఫ్ స్పెల్ వేస్తే గొర్రె అయిపోతాడు. వాణ్ని అలా వదిలేసి రెండోవాడి మీద ఫ్రాస్ట్‌బోల్ట్‌లు (మంచు స్పెల్) కొట్టండి, నడక నెమ్మదిస్తుంది కాబట్టి మీ దగ్గరికొచ్చేసరికే సగం ప్రాణం పోయుంటుంది. పొరపాటున గొర్రెకి ఒక్క దెబ్బ తగిలినా మళ్లీ కోబోల్డ్ అయిపోతాడు, పైగా గొర్రెగా ఉన్నంతసేపూ వాడి ప్రాణం తిరిగి నిండుతుంటుంది. మనుషుల్లా రెండు కాళ్ల మీద తిరిగే శత్రువులు చాలామంది చావుకి దగ్గరపడగానే పారిపోయి తోడు తెచ్చుకుంటారు, అందుకే చివరి ఫ్రాస్ట్‌బోల్ట్‌కి సరిపడా మానా (స్పెల్స్ వేయడానికి ఖర్చయ్యే శక్తి) దాచుకోండి. స్పెల్ వాడాక 5 సెకన్లు ఆగితేనే స్పిరిట్ అనే మీ క్యారెక్టర్ గుణం వల్ల మానా మళ్లీ నిండడం మొదలవుతుంది. ఫైట్ అవ్వగానే కూర్చుని నీళ్లు తాగండి, ఆ కాసేపు టైమ్ వేస్ట్ కాదు. చస్తే దెయ్యంగా మీ శవం దాకా నడవాల్సిందే, అదే అసలు టైమ్ వేస్ట్.

డంజన్‌లో (జట్టుగా వెళ్లాల్సిన కష్టమైన చోటు) ఐదుగురు ఉంటారు: శత్రువుల దెబ్బలు తన మీదకి తీసుకునే ఒక టాంక్, ఒక హీలర్, ముగ్గురు డ్యామేజ్ ఇచ్చేవాళ్లు. టాంక్ కొట్టడం మొదలుపెట్టిన తర్వాత మూడు నాలుగు సెకన్లు ఆగి కొట్టండి, టాంక్ కొడుతున్నవాడినే కొట్టండి. ఆగ్రో (శత్రువు గురి) మీ మీదకొస్తే దూరంగా పరిగెత్తకుండా టాంక్ దగ్గరికే రండి.

క్వెస్టులు (ఊళ్లోవాళ్లు అప్పగించే పనులు) ఒక్కొక్కటిగా చేస్తే కాళ్లరిగిపోతాయి. గోల్డ్‌షైర్ ఊళ్లో ఒకరు గని చూసి రమ్మంటారు, ఒకరు 8 కొవ్వొత్తులు అడుగుతారు, ఇంకొకరు 10 గోల్డ్ డస్ట్ తెమ్మంటారు. ఈ మూడూ ఆ ఫార్గోడీప్ గనిలోనే అయిపోతాయి. అందుకే ఊళ్లోని క్వెస్టులన్నీ తీసుకుని, ఒకే వైపువి ఏవో మ్యాప్‌లో చూసి బయల్దేరండి. లిస్టులో పేరు పచ్చగా ఉంటే తేలిక, పసుపైతే మీ లెవెల్‌కి సరిపోతుంది, ఎరుపు జోలికి పోకండి. హాగర్ లాంటి ఎలైట్‌ని (మామూలు వాళ్లకన్నా చాలా బలమైన శత్రువుని) ఒంటరిగా కదిలించొద్దు. లెవెల్ 11 అని రాసుంటుంది కానీ మామూలు లెవెల్ 11 శత్రువుకీ వాడికీ పోలికే లేదు, పక్కన ఎవరు తిరుగుతున్నా పార్టీలోకి పిలవండి. కొత్తవాళ్లు అడగడానికి మొహమాటపడతారు గానీ, అవతలివాళ్లకీ అదే క్వెస్ట్ ఉంటుంది.

లెవెల్ 40లో గుర్రానికి దాదాపు 100 గోల్డ్ కావాలి, అందుకని ట్రైనర్ దగ్గర కనిపించిన ప్రతి స్పెల్ కొనకండి, మీరు వాడేవే కొనండి. ఆట ఆపే ముందు హార్త్‌స్టోన్ (మిమ్మల్ని సత్రానికి చేర్చే రాయి) నొక్కి సత్రానికి వచ్చేసి, పూర్తయిన క్వెస్టులు అప్పజెప్పి, ఆ కప్పు కిందే లాగౌట్ అవ్వండి. మర్నాడు మీరు వచ్చేసరికి ఎక్స్‌పీ (లెవెల్ పెంచే అనుభవ పాయింట్లు) బార్ నీలంగా మారి ఉంటుంది, అది అయిపోయేదాకా చంపిన ప్రతి శత్రువుకీ ఎక్స్‌పీ రెండింతలు వస్తుంది.