సంత నుంచి వచ్చాకే అసలు ఆట: మూడు నుంచి ఐదేళ్ళ పిల్లల క్లాసు నడిపేవాళ్ళ కోసం

మీ టైమ్‌టేబుల్లో ఆటకి ఒక పీరియడు, బొమ్మలకి ఇంకో పీరియడు, ఏడాదికోసారి పిక్నిక్ అని విడివిడిగా గళ్ళు గీసి ఉంటే ముందు ఆ గళ్ళు చెరిపేయండి. ఈ వయసు పిల్లలు బయట ఏం చూస్తే లోపలికొచ్చి అదే ఆడతారు, ఏం ఆడితే అదే గీస్తారు. అందుకే మా క్లాసులో వారం బయటికి వెళ్ళడంతోనే మొదలవుతుంది. శనివారం దాకా బుద్ధిగా ఉంటే తీసుకెళ్తాననే బేరం నేను పెట్టను, ఎందుకంటే సోమవారం చూసొచ్చిన దాని మీదే మిగతా ఐదు రోజులూ నడుస్తాయి.

మాది యలమంచిలి వైపు చిన్న ఊరు. క్లాసులో 18 మంది పిల్లలు, నేను, ఆయమ్మ. సోమవారం సంత. మీ ఊళ్ళో సంత లేకపోతే కూరగాయల బండి, పాలకేంద్రం, కుమ్మరి వాళ్ళ ఇల్లు, పంక్చర్ షాపు, ఏదైనా సరే, నడిచి వెళ్ళేంత దగ్గరుంటే చాలు. జూ పార్కు దాకా బస్సులో తీసుకెళ్తే సగం మంది దారిలోనే నిద్రపోతారు, మిగతా సగానికి వాంతులు. పైగా జూ నుంచి వచ్చాక క్లాసులో ఆడుకోవడానికి సింహం గర్జన తప్ప పెద్దగా ఏమీ మిగలదు, అదే సంత నుంచి వస్తే తూకం, బేరం, చిల్లర, అరుపులు, గంపలు, బోలెడంత సామగ్రి దొరుకుతుంది.

ముందు రోజు మీరొక్కరే ఆ దారిన నడిచి రండి. మనకి ఐదు నిమిషాల దారి వాళ్ళకి పావుగంట. మూత లేని కాలవ ఎక్కడుంది, కుక్కలు ఎక్కడ పడుకుంటాయి, ఏ మలుపులో ఆటోలు రయ్యిమని వస్తాయి, మధ్యలో ఎవరికైనా ఒంటేలుకి వస్తే ఏ ఇంట్లో అడగొచ్చు, ఇవన్నీ ఆ ఒక్క నడకలో తేలిపోతాయి. మా దగ్గర ఒక పాత నూలు తాడు ఉంది, మూరకో ముడి, ఒక్కో ముడి దగ్గర అటొకరు ఇటొకరు పట్టుకుంటారు. ముందు నేను, వెనక ఆయమ్మ, రోడ్డు వైపు పిల్లల అమ్మల్లో ఒకరు నడుస్తాం. ఆ మూడో మనిషి దొరక్కపోతే ఆ రోజు వెళ్ళం, అంతే. బయల్దేరేటప్పుడు, చేరాక, తిరిగి వచ్చేముందు, గేటు లోపలికొచ్చాక నాలుగుసార్లు పేరు పేరునా లెక్క పెట్టండి. తలలు లెక్కపెడితే తప్పు వస్తుంది, సంతలో వేరేవాళ్ళ పిల్లలు కూడా వచ్చి నిలబడతారు కదా. స్కూలు ఫోన్ నంబరు చేతి మీద బాల్‌పెన్‌తో రాయండి కానీ పేరు మాత్రం బయటికి కనిపించేలా రాయొద్దు, కొత్తవాళ్ళు పేరు పెట్టి పిలిస్తే పిల్లలు తెలిసినవాళ్ళే అనుకుని వెళ్ళిపోతారు. ఎండాకాలం అయితే తొమ్మిదిన్నర కల్లా తిరిగి వచ్చేయాలి.

అక్కడికెళ్ళాక పాఠం చెప్పొద్దు. "ఇది వంకాయ, వంకాయ ఊదా రంగు, అందరూ అనండి" అన్నారంటే సంత కూడా క్లాసురూమే అయిపోతుంది. ఇద్దరికి కలిపి ఒక పది రూపాయల బిళ్ళ ఇవ్వండి, వాళ్ళే అడిగి కొనుక్కోవాలి, ఏం కొన్నా పర్వాలేదు. ఒకసారి మా పిల్లల్లో నాలుగేళ్ళవాడొకడు దొండకాయలమ్మే మామ్మ ముందు గొంతుకూర్చున్నాడు. ఆవిడ తక్కెడలో ఒక పక్క పావుకిలో గుండు, రెండో పక్క కాయలు. పళ్ళెం కిందికి దిగీ దిగకుండా ఊగుతుంటే వీడు గుప్పెట్లోంచి ఒక్కో కాయ తీసి వేస్తున్నాడు, వేసిన ప్రతిసారీ ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. చివరి కాయ పడగానే ముల్లు నిటారుగా నిలబడింది. "దిగింది మామ్మా!" అని వాడు అరిచిన అరుపుకి పక్క కొట్లవాళ్ళు కూడా తిరిగి చూశారు. మామ్మ ఇంకో రెండు కాయలు కొసరు వేసింది. అప్పుడు వాడికి వచ్చిన డౌటు ఏంటంటే, సరిపోయాక మళ్ళీ ఎందుకు వేసింది? కొసరు గురించి ఆ వారమంతా మాట్లాడుకున్నాం.

తిరిగొచ్చాక చేతులు కడిగించి, మంచినీళ్ళు తాగించి, వదిలేయండి. గదిలో ఒక మూల ఖాళీ చేసి సామాను పెట్టి ఉంచితే చాలు. రెండు కొబ్బరి చిప్పలు, బట్టల హ్యాంగరు, పురికొస ఉంటే తక్కెడ వచ్చేస్తుంది. హ్యాంగర్ని మేకుకి తగిలించి, రెండు చివర్లా చిప్పలు సమానంగా వేలాడదీయండి, చిప్పల అంచులు మాత్రం ముందే గరుకు కాగితంతో రుద్దాలి. ఖాళీ అగ్గిపెట్టెలు, పౌడరు డబ్బాలు, పాత సంచులు, చింపిన క్యాలెండరు కాగితాలు పక్కన పెట్టండి. మీరు ఒక్కసారి కొనేవాళ్ళలా వెళ్ళి "టమాటా ఎంతమ్మా?" అని అడిగి, కొని, పక్కకి తప్పుకోండి. అక్కడే కూర్చుని ఎలా ఆడాలో చెప్పడం మొదలుపెడితే ఆట మీదైపోతుంది.

టైము విషయంలో మాత్రం గట్టిగా చెప్తున్నాను, ఇరవై నిమిషాల ఆట ఆట కాదు. మొదటి పావుగంట నువ్వు అమ్మాలి నేను కొనాలి అనే తగువులోనే పోతుంది, కథ మొదలయ్యేది ఆ తర్వాత. కనీసం 45 నిమిషాలు ఇవ్వండి. తగువు పడితే వెంటనే వెళ్ళి తీర్పు చెప్పకండి. కొట్టుకోవడం, కొరకడం దాకా వస్తే తప్ప పక్కన నిలబడి చూడండి, చాలాసార్లు వాళ్ళే "నువ్వు కొట్టు కట్టేసేయ్, తర్వాత నేను తెరుస్తా" అని ఏదో ఒక ఒప్పందానికి వచ్చేస్తారు. మూల తీసేయాల్సిన పని కూడా లేదు, రెండో రోజుకి కొట్టు కాస్తా హోటలు అవుతుంది, మూడో రోజుకి ఆసుపత్రి అవుతుంది, అవనివ్వండి.

మా హోటల్లో వంటసామాను లక్కపిడతలే. లక్క బొమ్మలు చేసే ఏటికొప్పాక మాకు దగ్గర కాబట్టి ఏడాదికోసారి ఆటోలు మాట్లాడుకుని పిల్లల్ని అక్కడికి తీసుకెళ్తాం. అంకుడు కర్రని మిషను మీద తిప్పుతూ లక్క ముక్క ఆనిస్తే ఆ రాపిడి వేడికే లక్క కరిగి రంగు పట్టేస్తుంది, ఒక్క క్షణంలో తెల్ల కర్ర పచ్చగానో ఎర్రగానో మారిపోవడం చూసి పిల్లలు నోరు తెరుస్తారు. మిషనుకి నాలుగడుగుల దూరంలో నేల మీద ముగ్గుపిండితో గీత గీస్తాం, అది దాటకూడదు. గింజలు, బెరళ్ళు, వేర్లతో రంగులు చేసే పద్ధతి అక్కడుంది, 2017లో ఆ బొమ్మలకి జీఐ గుర్తింపు, అంటే ఇవి ఈ ఊరి ప్రత్యేకత అనే గుర్తింపు, కూడా వచ్చింది. కొనేటప్పుడు సహజ రంగులేనా అని అడిగి తీసుకోండి, ఈ వయసులో ప్రతి బొమ్మా ఒకసారి నోట్లోకి వెళ్ళొస్తుంది కదా. మీరు కొండపల్లి వైపో నిర్మల్ వైపో ఉంటే మీ పక్కన ఉన్న బొమ్మల ఊరు చూడండి.

ఇక బొమ్మలు వేయించడం. సంత వారంలో మిగిలిపోయిన ముదురు బెండకాయలు, ఉల్లిపాయలు, కాకరకాయలు అడ్డంగా కోసి అచ్చులు వేయిస్తాను. రంగు గిన్నెలో నీళ్ళలా పోస్తే అచ్చు పడదు, మడత పెట్టిన తడిగుడ్డ పళ్ళెంలో పరిచి దాని మీద చిక్కటి రంగు రాయండి, స్టాంపు ప్యాడులాగా. కోసిన ముక్కని ముందు పొడిగుడ్డతో తుడవాలి, బెండకాయ జిగురుకి రంగు జారిపోతుంది. కాగితం మీద ముందే పువ్వు గీసి ఇవ్వొద్దు. కొందరు ఒకే చోట ఇరవైసార్లు గుద్ది కాగితం చింపేస్తారు, వాళ్ళకి ఆ రోజు కావలసింది ఆ గుద్దడమే.

పసుపు కాగితం మాత్రం తప్పకుండా చేయించండి, నాకు ఎప్పటికీ విసుగు రాని పని ఇది. చిన్న గిన్నెడు నీళ్ళలో రెండు చెంచాల పసుపు కలిపి తెల్ల కాగితానికి పూసి ఆరబెట్టండి. బట్టల సబ్బుని తడిపి దాని మీద ఇయర్‌బడ్ రుద్ది పిల్లలకిచ్చి ఆ పసుపు కాగితం మీద గీయమనండి. గీసిన చోటల్లా ఎర్రగా అవుతుంది. దాని మీద నిమ్మరసం చుక్క వేస్తే ఆ ఎరుపు పోయి మళ్ళీ పసుపు. మన పారాణి సంగతి కూడా ఇదే, పసుపులో సున్నం కలిస్తే ఎరుపు. ఒక పాప ఇంటికెళ్ళి చెప్తే వాళ్ళ నాయనమ్మ మర్నాడు క్లాసుకొచ్చి అందరి కాళ్ళకీ పారాణి పెట్టింది. సున్నం మాత్రం పిల్లల చేతికి ఇవ్వకండి, కంట్లో పడితే చాలా ప్రమాదం, సబ్బు చాలు, అది కూడా కళ్ళు నులుముకోకుండా చూసుకుని వెంటనే చేతులు కడిగించండి.

పిండి ముద్దకి రెండు గ్లాసుల మైదా, ఒక గ్లాసు ఉప్పు, రెండు చెంచాల నూనె, కొంచెం కొంచెంగా నీళ్ళు. రంగు కోసం పసుపు, బీట్‌రూట్ రసం, పాలకూర రసం. అంత ఉప్పు కడుపులోకి వెళ్ళకూడదు కాబట్టి తింటున్నారేమో చూస్తూ ఉండాలి, చేతి మీద గీరుకుపోయిన పిల్లలకి ఆ రోజు ఇవ్వొద్దు, మండుతుంది. మట్టి దొరికితే అది ఇంకా మంచిది. చెరువు మట్టిని ఎండబెట్టి, దంచి, జల్లించి, గాజు పెంకులు, ముళ్ళు ఏరేసి, రాత్రంతా నానబెట్టండి. వినాయక చవితి ముందు వారం మా క్లాసులో 18 వినాయకులు తయారవుతారు, కొందరికి తొండం ఉండదు, ఒకసారి ఒక వినాయకుడికి మూడు తొండాలు వచ్చాయి.

ఆ మూడు తొండాల్ని సరిచేయకండి. నేను ఇదివరకు పనిచేసిన ఒక స్కూల్లో వార్షికోత్సవానికి పిల్లల బొమ్మలన్నీ మేం టీచర్లమే రాత్రి పది దాకా కూర్చుని దిద్దాం, అంచులు గీశాం, బయటికి పోయిన రంగు మీద తెల్ల పెయింటు పూశాం. మర్నాడు ఒక పాప తన పేరున్న కాగితం ముందు నిలబడి, "ఇది నాది కాదు టీచర్" అంది. వాళ్ళమ్మ "నీదే నాన్నా, పేరు చూడు" అంటుంటే నేను అక్కడ నిలబడలేకపోయాను. అప్పట్నుంచి పిల్లల కాగితం మీద నా చేత్తో గీత గీయలేదు. వాళ్ళు చెప్పిన మాటని మాత్రం కాగితం వెనక, వాళ్ళ మాటల్లోనే రాస్తాను. "ఇదేంటి?" అని అడగను, "దీని గురించి చెప్పు" అంటాను, ఎందుకంటే ఏంటి అని అడిగితే ఏదో ఒక పేరు చెప్పాలనే టెన్షన్ వాళ్ళకి వచ్చేస్తుంది.

గింజలతో బొమ్మలు చేయించేవాళ్ళు ఒక్క నిమిషం ఆగండి. గురివింద గింజలు ఎంత ముద్దుగా ఉన్నా క్లాసులోకి రానివ్వొద్దు, అవి విషం. ఆముదం గింజలు, పచ్చ గన్నేరు కాయలు, ఉమ్మెత్త కాయలు కూడా అంతే, బయటికెళ్ళినప్పుడు పిల్లలు జేబుల్లో వేసుకొస్తారు కాబట్టి గేటు దగ్గరే జేబులు చూడండి. చింతపిక్కలు, శనగలు, పూసలు చిన్నపిల్లలు ముక్కులో పెట్టుకుంటారు, గొంతులో ఇరుక్కుంటాయి, మూడేళ్ళవాళ్ళున్న గుంపుకి అసలు వద్దు, పెద్ద పిల్లలకి ఇచ్చినా లెక్కపెట్టి ఇచ్చి లెక్కపెట్టి తీసుకోండి. పగిలిన బుడగ ముక్కలు వెంటనే ఏరేయాలి.

తల్లిదండ్రులు అడుగుతారు, "ఆడుకోవడానికేనా పంపేది, ఏబీసీడీలు ఎప్పుడు రాయిస్తారు?" అని. కోప్పడకండి, వాళ్ళ భయం న్యాయమైనదే, పక్కింటి పిల్ల నోటుబుక్కు నిండా రాస్తోంది మరి. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ళ దాకా పునాది దశ అని, ఆ వయసులో చదువు ఆటతోనే సాగాలని చెప్తోందని, 2022లో ఆ దశకి విడిగా పాఠ్యప్రణాళిక చట్రం కూడా వచ్చిందని చెప్పండి. దానికన్నా బాగా పనిచేసేది ఇంకోటుంది. వాళ్ళనే ఒక గంట క్లాసులో కూర్చోబెట్టండి. పిండి ముద్ద పిసికే వేళ్ళకే పెన్సిలు పట్టే బలం వస్తుందని, కొట్టు ఆటలో "పదికి రెండు, ఇరవైకి నాలుగు" అనే పిల్ల అప్పటికే లెక్క చేస్తోందని కళ్ళారా చూస్తే మీరు పెద్దగా చెప్పక్కర్లేదు.

చివరగా పోస్టాఫీసు, దీనికి అయ్యే ఖర్చు చూస్తే నవ్వొస్తుంది. పోస్టుకార్డు 50 పైసలు, 18 మందికి తొమ్మిది రూపాయలు. రాసే చోట పిల్లలు బొమ్మ వేస్తారు, స్కూలు అడ్రసు, పిన్‌కోడ్ మీరు రాయండి. తాడు పట్టుకుని నడిచి వెళ్ళి, ఒక్కొక్కరినీ ఎత్తుకుని ఎర్ర డబ్బాలో వేయించండి, ఎవరి కార్డు వాళ్ళే వేయాలి. వీలైతే పోస్టుమాస్టరుగారితో ముందే మాట్లాడుకోండి, ముద్ర ఎలా వేస్తారో చూపిస్తారు. తిరిగొచ్చాక ఆ ముద్ర ఆట మొదలవుతుంది, దానికోసం బెండకాయ ముక్కలు, రంగు ప్యాడు సిద్ధంగా పెట్టుకోండి. అందరి కార్డులూ ఒకే రోజు రావు, రానివాళ్ళు రోజూ అడుగుతారు, అందుకే గోడకి ఒక చార్టు పెట్టి ఎవరిది వస్తే వాళ్ళ పేరు పక్కన వాళ్ళ చేతే ఒక అచ్చు వేయిస్తాను. కిందటిసారి ఒక కార్డు ఎంతకీ రాలేదు. ఆ పిల్లాడి కోసం మళ్ళీ అందరం తాడు పట్టుకుని వెళ్ళాం, వాడు ఇంకో బొమ్మ వేశాడు, ఈసారి డబ్బాలో వేశాక మూత దగ్గర నోరు పెట్టి మా వీధి పేరు గట్టిగా చెప్పాడు.