ట్రాన్స్‌ఫర్ పాఠాలు – 4: టికెట్టు వేరు, బెర్తు వేరు

కాలిఫోర్నియాలో ముందు కమ్యూనిటీ కాలేజీలో (రెండేళ్ల కాలేజీ) చదివి, తర్వాత యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా (యూసీ) క్యాంపస్‌కి మారేవాళ్ల కోసం ఈ పాఠాలు. ఈసారి సమ్మర్ క్లాసుల గురించి చెబుదామనుకున్నాను. కుదరదు. పోయిన పాఠంలో "అసిస్ట్ వెబ్‌సైటు తెరిచి, మీ కమ్యూనిటీ కాలేజీలో తీసుకోవాల్సిన కోర్సులు రాసుకోండి" అని ఒక్క ముక్కలో తేల్చేశాను. (ఏ కాలేజీ కోర్సు ఏ యూనివర్సిటీలో చెల్లుతుందో చూపించే సైటు అసిస్ట్.) మీరు పంపిన జాబితాలు చూస్తే సగానికి పైగా ఒకటే తప్పు. అందులో నా పాలూ ఉంది.

కోర్సు పక్కన "యూసీకి ట్రాన్స్‌ఫర్ అవుతుంది" అని కనిపించగానే రాసేసుకున్నారు. ఆ మాటకు అర్థం ఆ కోర్సు యూనిట్లు, అంటే క్రెడిట్లు, లెక్కలోకి వస్తాయనే. యూసీ అడిగే 60 సెమిస్టర్ యూనిట్లలో అదీ ఒక భాగం, అంతే. మీ మేజర్‌కి, అంటే మీరు డిగ్రీ చేసే ప్రధాన సబ్జెక్టుకి, పనికొస్తుందని కాదు. జనరల్ టికెట్టుంటే రైలెక్కనిస్తారు, బెర్తు ఇవ్వరు కదా!

ఒకరి జాబితాలో బిజినెస్ కాలిక్యులస్ ఉంది. వెళ్లాలనుకుంటున్నది మెకానికల్ ఇంజినీరింగ్. ఆ కోర్సు యూసీకి చక్కగా ట్రాన్స్‌ఫర్ అవుతుంది, కానీ ఇంజినీరింగ్ వాళ్లు అడిగే కాలిక్యులస్ అది కాదు. తర్వాత అసలు కాలిక్యులస్ తీసుకుంటే, రెండిటికీ కలిపి ఒక్కదానికే క్రెడిట్ ఇవ్వడం మామూలు. ఒక టర్మూ పోయింది, యూనిట్లూ పోయాయి. ఫిజిక్స్‌లోనూ ఇదే గొడవ: ఆల్జీబ్రాతో చెప్పేది ఒకటి, కాలిక్యులస్‌తో చెప్పేది ఇంకొకటి. పేర్లు దగ్గరగా ఉంటాయి, మోసపోకండి.

కాబట్టి అసిస్ట్‌లో చూడాల్సింది ట్రాన్స్‌ఫర్ కోర్సుల జాబితా కాదు, అగ్రిమెంటు: మేజర్‌కి క్యాంపస్ అడిగే ఒక్కో కోర్సుకీ మీ కాలేజీలో ఏది సరిపోతుందో చూపే పట్టిక. మీ కాలేజీ, వెళ్లే క్యాంపస్, మేజర్, మూడూ ఎంచుకుంటేనే అది తెరుచుకుంటుంది. రెండు కోర్సుల మధ్య "అండ్" ఉంటే రెండూ పూర్తి చేయాలి, "ఆర్" ఉంటే ఒకటి చాలు. "నో కోర్స్ ఆర్టిక్యులేటెడ్" అని కనిపిస్తే కంగారొద్దు, దానికి సరిపడుతుందని ఒప్పుకున్న కోర్సు మీ కాలేజీలో లేదని అర్థం.

డి ఆంజా లాంటి క్వార్టర్ కాలేజీల్లో (సెమిస్టర్ కన్నా చిన్న టర్ములతో నడిచేవి) ఉన్నవాళ్లకు 60 కాదు, 90 యూనిట్లు. కాలిక్యులస్ ఒక క్వార్టర్ అక్కడ చదివి, మిగతాది ఓలోనీ లాంటి సెమిస్టర్ కాలేజీలో చదువుదామనుకోకండి. అదే కాలిక్యులస్ క్వార్టర్ కాలేజీలో మూడు ముక్కలు, సెమిస్టర్ కాలేజీలో రెండు. మధ్యలో కొన్ని అధ్యాయాలు ఎక్కడా చదవకుండానే మిగిలిపోతాయి. మొదలెట్టిన చోటే ముగించండి.

ఇంజినీరింగ్ వాళ్లు జనరల్ ఎడ్యుకేషన్ (మేజర్ ఏదైనా అందరూ చదవాల్సిన కోర్సులు) కన్నా ముందు మేజర్ కోర్సులు పూర్తి చేసుకోండి. లెక్కలు ఫాల్ టర్ములో, పొద్దుటి క్లాసులో తీసుకోవడం నాకిష్టం. నిద్రమత్తు మీ ఇష్టం.

ఇక అభ్యాసం, కాస్త పెద్దదే. ఒకే మేజర్‌కి మూడు క్యాంపస్‌ల అగ్రిమెంట్లు తీసి, కాగితం మీద మూడు నిలువు గళ్లు గీయండి. స్ప్రెడ్‌షీట్ వద్దు, చేత్తో రాస్తేనే "అండ్"లు కంట పడతాయి. మూడింట్లోనూ ఉన్న కోర్సులకు ఎర్ర సున్నా చుట్టండి, మీ మొదటి ఏడాది అవే. ఒక్కచోటే అడిగినదాని పక్కన, ఆ ఒక్క క్యాంపస్ కోసం ఒక టర్ము ఇవ్వగలరో లేదో రాయండి. ఆ కాగితం పట్టుకునే కౌన్సిలర్ దగ్గరికి వెళ్లండి, ఖాళీ చేతులతో కాదు.