ఒక పాత యుద్ధాన్ని మీ అంతట మీరే చదివి అర్థం చేసుకోవడం ఎలా? చందుర్తి (1758) ఉదాహరణగా

బొబ్బిలి యుద్ధం పేరు వినని తెలుగువారు అరుదు. ఆ తర్వాత రెండేళ్లు తిరక్కుండానే పిఠాపురం, గొల్లప్రోలు దగ్గర చందుర్తి పొలాల్లో జరిగిన పోరు మాత్రం పోటీ పరీక్షల పుస్తకాల్లో ఒక్క లైనుగా మిగిలిపోయింది. ఉత్తర సర్కారులు (ఇప్పటి కోస్తా ఆంధ్ర ప్రాంతం) ఫ్రెంచివాళ్ల చేతుల్లోంచి ఇంగ్లీషువాళ్ల చేతుల్లోకి జారిపోవడం మొదలైంది అక్కడే. ఏ యుద్ధాన్నయినా చదవడానికి పనికొచ్చే పద్ధతిని దీన్ని పట్టుకుని చూద్దాం.

1. కత్తుల సంగతి తర్వాత, ముందు పొత్తులు చూడండి

రెండు నిలువు వరుసలు గీసుకోండి. ఒక్కో పక్షంలో ఎవరున్నారో రాసి, ప్రతి పేరు పక్కనా "ఇతనికి ఇందులో ఏం కావాలి?" అన్న ప్రశ్నకు జవాబు రాయండి. జవాబు దొరకని పేరు ఉందంటే ఆ యుద్ధం మీకింకా అర్థం కాలేదన్నమాటే.

చందుర్తికి ఈ పని చేస్తే రెండు వరుసల్లోనూ పైన యూరప్ వస్తుంది. 1756లో మొదలైన ఏడేళ్ల యుద్ధంలో బ్రిటన్, ప్రష్యా ఒకవైపు, ఫ్రాన్స్, ఆస్ట్రియా, రష్యా మరోవైపు. ఆ పగ ఓడలెక్కి మన తీరానికొచ్చింది. వాటి కింద విజయనగరం ఉంటుంది. 1757 జనవరిలో బొబ్బిలి మీదికి పూసపాటి విజయరామరాజు ఫ్రెంచి సేనాని బుస్సీతో కలిసే వెళ్లాడు. తాండ్ర పాపారాయుడి చేతిలో విజయరామరాజు చనిపోయాక గద్దెనెక్కిన ఆనందరాజుకు ఫ్రెంచివాళ్లతో పొసగలేదు. 1758లో ఫ్రెంచి ప్రధాన సేనాని లాలీ మద్రాసు మీదికి దండెత్తే పనిలో బుస్సీని దక్షిణానికి పిలిపించుకున్నాడు. సర్కారుల బాధ్యత మరో ఫ్రెంచి అధికారి కాన్‌ఫ్లాన్స్ చేతికొచ్చింది. ఆ సందు చూసుకుని ఆనందరాజు సెప్టెంబరులో విశాఖపట్నాన్ని ఫ్రెంచివాళ్ల నుంచి పట్టుకుని, ఇంగ్లీషువాళ్లకు కబురంపాడు.

కలకత్తాలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వ్యవహారాలు చూస్తున్న క్లైవ్ కల్నల్ ఫోర్డ్‌ను సైన్యంతో విశాఖకు పంపాడు. క్లైవ్‌కు కావలసింది ఫ్రెంచివాళ్ల దృష్టి మద్రాసు మీంచి మళ్లించడం, సర్కారుల శిస్తు వాళ్లకు అందకుండా చేయడం. రాజుకు కావలసింది తన రాజ్యం మీద ఫ్రెంచివాళ్ల పెత్తనం లేకుండా పోవడం. ఒకే గుడారం కింద చేరారు గానీ కోరికలు రెండు.

2. డబ్బు ఎవరు పెడుతున్నారో పట్టుకోండి

చాలామంది దాటేసే మెట్టు ఇది. నాకైతే అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. ఆనందరాజుకూ ఫోర్డ్‌కూ కుదిరిన ఒప్పందం ప్రకారం సైన్యం ఖర్చు కింద నెలకు 50,000 రూపాయలు రాజు ఇవ్వాలి. గెలిచిన లోపలి ప్రాంతం రాజుకు, సముద్రం ఒడ్డున ఉన్న పట్టణాలు కంపెనీకి. ఈ షరతు మళ్లీ చదవండి. రేవులు ఎవరి దగ్గరుంటే వ్యాపారం వాళ్లది. తుపాకీ పేలకముందే అసలు బేరం కాగితం మీద తేలిపోయింది.

యుద్ధం గెలిచాక కూడా డబ్బే అడ్డం పడింది. రాజు సొమ్ము ఇవ్వడానికి జాప్యం చేయడంతో ఫోర్డ్ ముందుకు కదల్లేక వారాల తరబడి ఆగిపోయాడు. ఫ్రెంచివాళ్ల కోట ఉన్న మచిలీపట్నం ముందు దిగేసరికి 1759 మార్చి వచ్చింది.

3. మ్యాపు తెరవండి, పాత పేర్లకు సిద్ధపడండి

సర్వే ఆఫ్ ఇండియా మ్యాపులు గానీ ఫోనులోని మ్యాపు గానీ చాలు. రాజమహేంద్రవరం, పెద్దాపురం, పిఠాపురం, గొల్లప్రోలు, కత్తిపూడి, విశాఖపట్నం గుర్తు పెట్టి గీత కలపండి. కళింగం నుంచి గోదావరికి సైన్యాలు నడిచిన పాత దారి దాదాపు ఇదే. ఇంగ్లీషు పుస్తకాల్లో వెతికేటప్పుడు చందుర్తిని కాండోర్ అనీ, మచిలీపట్నాన్ని మసూలిపటం అనీ రాస్తారు. తేదీ ఎక్కువచోట్ల డిసెంబరు 9 అని ఉంటుంది, 7 అని రాసినవీ ఉన్నాయి. రెండూ నోటు చేసుకుని ముందుకు సాగండి.

4. సంఖ్యలు రాయండి, కానీ విడదీసి రాయండి

ఫోర్డ్ దగ్గర సుమారు 470 మంది యూరోపియన్లు, 1,900 మంది సిపాయిలు, 6 ఫిరంగులు. ఆనందరాజు వెంట దాదాపు 5,000 కాల్బలం, 500 గుర్రాలు. కాన్‌ఫ్లాన్స్ వైపు 500 మంది యూరోపియన్లు, 6,000 మంది సిపాయిలు, 500 గుర్రాలు, 30కి పైగా ఫిరంగులు. "ఇంగ్లీషువాళ్లు ఫ్రెంచివాళ్లను ఓడించారు" అన్న వాక్యంలో కనబడనిది ఇలా విడదీసి రాస్తే కనబడుతుంది. రెండు పక్షాల్లోనూ నూటికి తొంభై మంది ఈ దేశపువాళ్లే.

5. గెలుపు మలుపు తిరిగిన చోట ఆగండి

యుద్ధం మొత్తాన్నీ ఒకే వేగంతో చదవకండి. పారిపోతున్నవాళ్లు నిలబడిన చోటో, తరుముతున్నవాళ్లు చెదిరిన చోటో ఒకటి ఉంటుంది. ఆ చోటికి చేరాక నెమ్మదించండి.

చందుర్తిలో ఆ చోటు ఒక చేను. ఫోర్డ్ తన యూరోపియన్లను నడిమధ్యన, బెంగాల్ నుంచి తెచ్చిన సిపాయిలను అటూ ఇటూ నిలబెట్టాడు. మధ్యలో ఉన్నవాళ్ల ముందు మనిషిని దాచేంత ఎత్తున పైరు నిలబడి ఉంది. అవతలి వాళ్లకు ఆ దళం కనపడలేదు. కనపడింది ఎర్ర కోటులు తొడుక్కున్న సిపాయిలు. పైగా ఫోర్డ్ వాళ్ల జెండాలను చుట్టి నేలమీద పెట్టించాడు. ఫ్రెంచి దళం వాళ్లనే ఇంగ్లీషు దళం అనుకుని, నేరుగా వాళ్ల మీదికి నడిచింది.

సిపాయిలు నిలవలేకపోయారు. రాజు మనుషులూ వెనక్కి తగ్గారు. గెలిచేశామనుకున్న ఫ్రెంచివాళ్లు వరుస చెదరగొట్టుకుని తరమసాగారు. అప్పుడు పైరు చాటునున్న దళం ఎడమకు తిరిగి, వాళ్ల పక్కటెముకల మీద కాల్పులు మొదలుపెట్టింది. నిమిషాల్లో పొలం తలకిందులైంది. ఫిరంగులు చేజారాయి, శిబిరం చేజారింది. కాన్‌ఫ్లాన్స్ గుర్రమెక్కి రాజమహేంద్రవరం దారి పట్టాడు.

ఇక్కడ ఒక్క ప్రశ్న వేసుకోండి. ఫోర్డ్ ఎత్తు ఫలించింది సరే, ఆ ఎత్తులో ఎర ఎవరు? జెండాల్లేకుండా ఎదురుగా నిలబడి, ఫ్రెంచి తూటాలను మొదట గుండెల మీద కాసినవాళ్లు ఆ సిపాయిలు. కంపెనీ కొలువులో ఉన్నవాళ్లు రాసిన వృత్తాంతాల్లో యూరోపియన్ కెప్టెన్ల పేర్లు ఒక్కొక్కటీ కనిపిస్తాయి. సిపాయిలు మాత్రం అంకెలే. వాళ్లు "పారిపోయారు" అని చదివినప్పుడు, ఎవరి ముందు ఎంతసేపు నిలబడ్డాక అని కూడా అడగాలి. ఇది న్యాయం కోసం అడిగే ప్రశ్న, చరిత్ర సరిగ్గా తెలుసుకోవడానికీ ఇదే ప్రశ్న.

6. ఆ రోజుతో పుస్తకం మూయకండి

కనీసం పదేళ్లు ముందుకు జరగండి. 1759 ఏప్రిల్ 8 నాటికి మచిలీపట్నం కోట పడింది. మే నెలలో నిజాం సలాబత్ జంగ్ మచిలీపట్నాన్నీ చుట్టుపక్కల జిల్లాలనూ కంపెనీకి రాసిచ్చి, ఫ్రెంచివాళ్లను దక్కనులో ఉండనివ్వనని ఒప్పుకున్నాడు. 1765లో మొగలు చక్రవర్తి ఫర్మానా, 1766లో నిజాంతో సంధి, వీటితో సర్కారుల మీద కంపెనీ హక్కు ఖాయమైంది. ఆనందరాజు మొదట పంపిన కబురు దగ్గరి నుంచి ఇక్కడిదాకా ఎనిమిదేళ్లు.

7. ఇదే పద్ధతి మరోదానికి వాడి చూడండి

వెంటనే చేయగలిగేది మచిలీపట్నం ముట్టడే. అక్కడ ఫోర్డ్‌కు ముందు కోట, వెనక నిజాం సైన్యం, చేతిలో తరిగిపోతున్న మందుగుండు, జీతాలందక ఎదురుతిరిగిన సొంత సైనికులు. అయినా రాత్రివేళ దాడి చేసి, తనవాళ్ల కన్నా ఎక్కువమందిని ఖైదీలుగా పట్టుకున్నాడు. అక్కడ నిజాం ఎందుకు కలగజేసుకోలేదన్న ప్రశ్నతో మొదటి మెట్టు ఎక్కండి.