పాత ఇంగ్లిష్ గడ్డి ఇంటి వయసు పోల్చుకోవడం ఎలా?

ఇంగ్లండ్‌లో షేక్‌స్పియర్ ఊరు స్ట్రాట్‌ఫర్డ్ వెళ్లినవాళ్లు పక్కనే షాటరీలో ఉన్న ఆన్ హాథవే కాటేజ్‌కీ వెళ్తారు. షేక్‌స్పియర్ భార్య పుట్టిల్లది. చాలామంది తోటలో ఫొటోలు దిగి వచ్చేస్తారు. ఇంకో అరగంట ఉంటే ఆ ఇల్లు ఎప్పుడు ఎలా పెరిగిందో కళ్లతోనే పట్టుకోవచ్చు.

1. ముందు కప్పు చూడండి, కానీ దాన్ని నమ్మి వయసు చెప్పకండి. పైన కనిపించే గడ్డిని కొన్ని దశాబ్దాలకోసారి మారుస్తారు, కొప్పునైతే ఇంకా ముందే. పైగా ఈ ఇంటికి 1969లో నిప్పంటుకుంది, తర్వాత బాగుచేశారు. కప్పులో చూడాల్సింది వాలు. నీళ్లు నిలవకుండా 45 డిగ్రీలకు తగ్గకుండా నిటారుగా దించుతారు. ఇలాంటి ఇళ్లకు సాధారణంగా చూరు కింద వాన నీటిని పట్టే గొట్టాలుండవు. చూరే గోడ దాటి బాగా ముందుకొచ్చి వానను దూరంగా పడేస్తుంది.

2. తర్వాత గోడలు. బరువు మోసేది ఓక్ చట్రం. మధ్య ఖాళీల్లో తడిక అల్లి, మట్టి, గడ్డి, పేడ కలిపి మెత్తేవారు. మన పల్లెల్లో తడిక గోడ చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. ఇంగ్లండ్‌లో చాలా ఇళ్ల కర్రలకు కనిపించే నల్ల రంగు మాత్రం 19వ శతాబ్దపు సరదా. దాన్ని చూసి పాతదని మురిసిపోకండి.

3. అసలు కథ లోపలుంది. వంపు తిరిగిన రెండు పెద్ద దుంగలు కింద నుంచి కొప్పు దాకా వెళ్లి ఒకదాన్నొకటి ఆనుకుంటే దాన్ని క్రక్ అంటారు. తరచుగా ఒకే చెట్టును నిలువునా చీల్చి ఆ జత చేసేవారు. అది కనిపించిన భాగమే సాధారణంగా ఇంట్లో పాతది. ఇక్కడ మొదటి భాగం 1463 నాటిదని ఇంటిని చూసుకునే ట్రస్ట్ చెబుతుంది. ఎత్తుగా ఉన్న భాగం 17వ శతాబ్దంలో కలిపింది.

4. ఇప్పుడు పొగ ఎటు పోయేదో వెతకండి. అప్పట్లో ఇలాంటి ఇళ్లకు చిమ్నీ లేదు, మేడ లేదు. నేల మధ్యలో నెగడు, పైన కొప్పు దాకా ఖాళీ. పొగ గడ్డిలోంచే దారి చూసుకునేది. అందుకే పాత ఇళ్లలో పై వాసాలకు మసి పట్టి ఉంటుంది. నైరుతి ఇంగ్లండ్‌లోని డెవన్‌లో కొన్ని ఇళ్ల కప్పు అడుగున మధ్యయుగాల నాటి మసిబారిన గడ్డి ఇంకా ఉంది, ఎందుకంటే పాతది తీయకుండా దానిపైనే కొత్తది కప్పుతూ వచ్చారు. మసి ఉన్నచోట కింద మేడ గది కనిపిస్తే, ఆ మేడ తర్వాత వేసిందే.

మెట్లెక్కేటప్పుడు తల జాగ్రత్త, గుమ్మాలు పొట్టివి.